కుక్కతో పార్కు నడక: దూరం కాదు, నీడ చూడండి

రోజూ పొద్దున్నే లేస్తున్నారు, పట్టీ తగిలిస్తున్నారు, కాలనీ నాలుగు వీధులూ చుట్టి వస్తున్నారు. ఫోను చూస్తే నాలుగు వేల అడుగులు పడ్డాయి. అయినా ఇంటికొచ్చిన అరగంటకే కుక్క చెప్పు ఎత్తుకెళ్లి కొరుకుతోంది. లిఫ్టు చప్పుడైతే చాలు, తలుపు మీద పడి మొరుగుతోంది. వేసవి వస్తే తంతు మారుతుంది. సగం దారిలో చతికిలబడి, ఎంత లాగినా కదలదు. "ఇంత తిప్పినా దీనికి చాలట్లేదా?" అని విసుగొస్తుంది కదా? అప్పుడు చాలామంది చేసే పని దూరం పెంచడం. నాలుగు వీధులు ఆరవుతాయి, నడక కాస్తా పరుగవుతుంది, కుక్క తీరు మాత్రం మారదు. ఈ అధ్యాయంలో చెప్పబోయేది దానికి పూర్తిగా ఎదురు మాట. మన ఎండల్లో, మన ఫ్లాట్లలో పెరిగే కుక్కకు కావలసింది ఎక్కువ దూరం కాదు. మిట్టపల్లాలు లేని, చెట్ల నీడ ఉన్న ఒక చిన్న పార్కు బాట, దాని మీద తొందర లేని అరగంట. ముందు అదెందుకు చాలునో చూద్దాం, ఆ తర్వాత ఎలా చేయాలో చూద్దాం.

మొదట ఎండ సంగతి. మనం నడుస్తుంటే ఒళ్లంతా చెమట పడుతుంది, ఆ చెమట ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. కుక్కకు ఆ వసతి లేదు. చెమట గ్రంథులు ప్రధానంగా దాని అరికాళ్లలో ఉంటాయి, వాటివల్ల ఒరిగేది బహు తక్కువ. లోపలి వేడినంతా నోరు తెరిచి, నాలుక చాపి, రొప్పుతూ బయటికి పంపాల్సిందే. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. 41 దాటిందంటే వడదెబ్బ, ప్రాణం మీదికి వచ్చినట్టే. మామూలు స్థితికీ ప్రాణాపాయానికీ మధ్య ఉన్నది అటూఇటూగా రెండు డిగ్రీలే. పగ్, షిట్జూ, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి పొట్టి మూతి జాతులకు శ్వాస దారే ఇరుకు, కాబట్టి వాటికి రొప్పడం కూడా సరిగ్గా సాగదు. "మేమేం ఎండలో కట్టేయడం లేదు కదా, నడిపిస్తున్నామంతే" అంటారా? ప్రమాదం ఎక్కువగా వస్తున్నది అక్కడే. బ్రిటన్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ, నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీ పరిశోధకులు తొమ్మిది లక్షలకు పైగా కుక్కల వైద్య రికార్డులు పరిశీలించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. వేడి వల్ల జబ్బుపడిన కుక్కల్లో, కారణం నమోదైన కేసులు చూస్తే నూటికి 74 శ్రమ వల్ల వచ్చినవే. మూసి ఉన్న కారులో వదిలేయడం వల్ల వచ్చినవి సుమారు ఐదు. శ్రమ అంటే పరుగు, బంతాట, నడక. ఇది మన కంటే ఎంతో చల్లటి దేశపు లెక్క. మే నెల విజయవాడలో, రామగుండంలో కుక్కను పట్టుకుని రోడ్డెక్కేవాళ్లు దీన్ని గుర్తు పెట్టుకోవాలి.

ఇక కాళ్ల కింది నేల. మనం చెప్పులేసుకుంటాం కాబట్టి మనకు తెలియదు. గాలి వేడి 25 డిగ్రీలే ఉన్న రోజున కూడా నేరుగా ఎండ పడే తారు రోడ్డు 50 దాటగలదు. గాలి 31కి చేరితే తారు 60 దాటగలదు. షిట్జూ పొట్టకూ ఆ రోడ్డుకూ మధ్య జానెడు ఎడం కూడా ఉండదు, కింది సెగంతా దానికే తగులుతుంది. చెట్టు కింద లెక్క పూర్తిగా వేరు. ఎండలో ఉన్నవాటి గరిష్ఠ వేడితో పోలిస్తే నీడ పడిన ఉపరితలాలు 11 నుంచి 25 డిగ్రీల దాకా చల్లగా ఉండవచ్చని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. పైగా చెట్టు తన ఆకుల నుంచి నీటిని ఆవిరి చేస్తూ చుట్టూ ఉన్న గాలిని కూడా చల్లబరుస్తుంది. రేకుల షెడ్డు నీడకు ఆ గుణం లేదు.

నీడ వల్ల ప్రాణానికి ముప్పు తప్పుతుంది, సరే. మరి నిదానం ఎందుకు? కుక్క బయటికి వచ్చేది కాళ్లు ఆడించుకోవడానికే అని మనం అనుకుంటాం. అది ముఖ్యంగా వచ్చేది వాసన చూడటానికి. మన ముక్కులో వాసనను పసిగట్టే గ్రాహకాలు దాదాపు 50, 60 లక్షలైతే, కుక్క ముక్కులో జాతిని బట్టి 20 కోట్లకు పైనే ఉంటాయని అంచనా. రాత్రి ఈ బాట మీద ఎవరు వెళ్లారు, ఆ వేప మొదట్లో ఏ కుక్క కాలెత్తింది, అది మగదా, ఆడదా అన్నదంతా దానికి అక్కడే తెలుస్తుంది. ఫ్రెంచ్ పరిశోధకురాలు షార్లెట్ డ్యూరాంటన్, న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీలో పనిచేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ కలిసి చేసిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. పెంపుడు కుక్కల్ని రెండు గుంపులుగా చేశారు. రెండు వారాల పాటు ఒక గుంపు రోజూ వాసన పట్టి తిండి వెతికింది, రెండోది యజమాని పక్కనే అడుగులో అడుగు వేస్తూ నడవడం సాధన చేసింది. తర్వాత, తిండి ఉంటుందో ఉండదో తెలియని చోట గిన్నె పెట్టి చూస్తే, వాసన పట్టిన గుంపు మునుపటి కంటే చురుగ్గా, ఆశతో గిన్నె వైపు వెళ్లింది. పక్కన నడిచిన గుంపులో ఆ మార్పు లేదు. చిన్న అధ్యయనమే, దీనితోనే అంతా తేలిపోయిందని అనలేం. కానీ కుక్కల ప్రవర్తన సరిదిద్దే శిక్షకులు ఇదే సలహా చాలాకాలంగా ఇస్తున్నారు. ముక్కుకు పని దొరికిన కుక్క ఇంటికొచ్చి పడుకుంటుంది. కాళ్లు మాత్రమే అలిసిన కుక్క కాసేపు పడుకుని, లేచి, మళ్లీ చెప్పు వెతుక్కుంటుంది.

"మాది లాబ్రడార్, దీనికి మీ నెమ్మది నడక ఏ మూలకు?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. లాబ్రడార్‌కీ జర్మన్ షెపర్డ్‌కీ హస్కీకీ పరుగు కావాలి, కాదనను. అయితే పరుగునూ నడకనూ ఒకే గంటలో ఇరికించడం తప్పు. పరుగుకు వేరే చోటు, వేరే పొద్దు చూడండి. చల్లటి వేళ, గడ్డి నేల మీద, కంచె ఉన్న స్థలంలో ఐదేసి నిమిషాల చొప్పున రెండు మూడు విడతలు, మధ్యలో నీళ్లు, విశ్రాంతి. రోడ్డు మీద స్కూటరు పక్కన పరుగెత్తించడం మాత్రం ఏ జాతికీ, ఏ వయసులోనూ వద్దు. యజమాని వెంట ఉండాలన్న తాపత్రయంలో కుక్క తన అలుపును లెక్కచేయదు, కూలిపోయే దాకా పరుగెత్తుతుంది. ఏడాది నిండని కుక్కపిల్లల కీళ్లు ఇంకా గట్టిపడవు. ముసలి కుక్కలకు కీళ్ల నొప్పులు ఉంటాయి. ఈ రెండింటికీ మిట్టపల్లాలు లేని మెత్తటి మట్టి బాటకు మించిన నేల లేదు.

ఇంకో అభ్యంతరం బరువు. "తక్కువ నడిస్తే లావెక్కిపోదా?" మన ఇళ్లలో కుక్క లావెక్కేది నడక తగ్గి కాదు, పళ్లెం నిండి. ఉదయం పెరుగన్నం, మధ్యాహ్నం డ్రైఫుడ్, సాయంత్రం టీ వేళ బిస్కెట్లు, రాత్రి చికెన్ ముక్క. ఇంట్లో నలుగురుంటే నలుగురూ విడివిడిగా పెడతారు, ఎవరెంత పెట్టారో ఇంకొకరికి తెలియదు. అమెరికాలో 48 లాబ్రడార్లను పుట్టినప్పటి నుంచి చివరి దాకా గమనించిన అధ్యయనం ఒకటి 2002లో వచ్చింది. తోబుట్టువుల కంటే పాతిక శాతం తక్కువ తిండి తిన్నవి సగటున దాదాపు 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల జబ్బులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. కాబట్టి బరువు తగ్గించాలంటే కొలిచి పెట్టండి, రోజు మొత్తం తిండిని ఒకే మనిషికి అప్పగించండి. బిస్కెట్లు తినిపించి, అవి కరగాలని ఎండలో తిప్పడం కుక్కకు రెండు వైపులా నష్టం.

మరి ఇలాంటి బాట ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాదులో నీడ అనగానే అందరికీ గుర్తొచ్చేది బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ పక్కనున్న కేబీఆర్ పార్కు. దాని లోపలికి పెంపుడు కుక్కలకు ప్రవేశం లేదు. కొందరు దీన్ని అన్యాయమనుకుంటారు కానీ నియమం సబబైనదే. కేబీఆర్ మామూలు పార్కు కాదు, నెమళ్లూ ఇతర వన్యప్రాణులూ ఉన్న జాతీయ ఉద్యానం. కుక్క మొరిగి వాటిని బెదరగొట్టడం ఒక ఎత్తు, జబ్బు అంటించడం ఇంకో ఎత్తు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో డిస్టెంపర్ వైరస్ సోకి సింహాల్లో దాదాపు మూడో వంతు చచ్చిపోయాయి. ఆ వైరస్ చుట్టుపక్కల ఊళ్ల కుక్కల నుంచే వచ్చిందని పరిశోధకులు గుర్తించారు. జాతీయ ఉద్యానాన్ని వదిలేసి మిగతావి చూడండి. కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో ప్రత్యేకంగా కుక్కల కోసమే ఒక పార్కు తెరిచింది. బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు కబ్బన్ పార్కు ఉంది, పట్టీ కట్టి తీసుకెళ్లవచ్చు. అదే ఊళ్లోని లాల్‌బాగ్‌లోకి మాత్రం కుక్కల్ని రానివ్వరు. అంటే ఊరిని బట్టి కాదు, పార్కును బట్టి నియమం మారుతుంది. గేటు దగ్గర బోర్డు చదవండి, కాపలా మనిషిని అడగండి. ఇక మీ కాలనీ పార్కులోకే రానివ్వకపోతే? 2015లో భారత జంతు సంక్షేమ బోర్డు ఇచ్చిన మార్గదర్శకాలు, పెంపుడు జంతువుల్ని పార్కుల నుంచి పూర్తిగా నిషేధించడం ముందుచూపు లేని పని అనే చెప్పాయి. ఆ కాగితం పట్టుకుని అసోసియేషన్‌తో గొడవకు దిగకండి. పొద్దున ఆరున్నర లోపు, రాత్రి ఎనిమిది తర్వాత అంటూ పిల్లలు ఆడుకోని వేళల్లో అనుమతి అడగండి. వేళ అడిగినవాళ్లకు ఒప్పుకున్నంత సులువుగా హక్కు అడిగినవాళ్లకు ఒప్పుకోరు.

దారి దొరికిందనుకుందాం. ఇక చేయాల్సినవి ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ముందు కుక్క లేకుండా వెళ్లి చూసి రండి. మీరు రోజూ ఏ వేళకు వెళ్లదలిచారో సరిగ్గా ఆ వేళకే వెళ్లండి. ఉదయం ఆరింటికి నీడ ఉన్న వైపు సాయంత్రం ఐదింటికి ఎండలో ఉంటుంది. తల పైకెత్తి చెట్లు చూడండి. కానుగ, వేప, చింత, నిద్రగన్నేరు ఉంటే ఆ బాట మంచిది. కొత్త గేటెడ్ కమ్యూనిటీల్లో దారి పొడవునా రాయల్ పామ్‌లు నాటి, కింద సిమెంటు పలకలు పరుస్తారు. ఫొటోలో అందంగా ఉంటుంది. కానీ ఆ చెట్టు నీడ దాని మొదలంతే, పలకలు మాత్రం రోజంతా కాగుతాయి. తర్వాత నేల చూడండి. మట్టో గడ్డో ఉండాలి, గాజు పెంకులు, విస్తరాకుల మిగుళ్లు, కోడి ఎముకలు ఉండకూడదు. ఎదురెదురుగా ఇద్దరు వస్తే ఒకరు పక్కకు తప్పుకునేంత వెడల్పు ఉండాలి. కిలోమీటరు లోపు చుట్టు చాలు. ఎక్కడ అలసట కనిపించినా పది నిమిషాల్లో గేటుకు చేరుకోగలగాలి.

2. పొద్దు ఎంచుకోండి. సూర్యోదయానికి అటూఇటూ గంట అన్నిటికన్నా మంచి వేళ. "సాయంత్రం ఆరయింది, ఎండ పోయింది" అనే లెక్క వేసవిలో చెల్లదు. పగలంతా తాగిన వేడిని తారు, కాంక్రీటు చీకటి పడ్డాక కూడా వదులుతూనే ఉంటాయి, పార్కు దాకా వెళ్లే రోడ్డు అదే కదా. అనుమానం ఉంటే అరచేతి వెనక భాగాన్ని నేలకు ఆనించి ఏడు సెకన్లు లెక్కపెట్టండి. మీరు ఓర్చుకోలేకపోతే కుక్క కూడా ఓర్చుకోలేదు. ఉదయం కుదరని ఉద్యోగమైతే వేసవి రెండు మూడు నెలలు రాత్రి బాగా పొద్దుపోయాక పావుగంట తిప్పండి. మిగతా సమయం ఇంట్లో పాత తువ్వాలు మడతల్లో నాలుగు గింజల డ్రైఫుడ్ దాచి వెతకమనండి. ముక్కుకు పని అక్కడా దొరుకుతుంది.

3. మెడపట్టీకి బదులు ఛాతీకి తొడిగే హార్నెస్ వాడండి. లాగే అలవాటున్న కుక్కకు మెడపట్టీ గొంతు నొక్కుతుంది, పొట్టి మూతి జాతులకైతే శ్వాసే ఆడదు. తాడు రెండు మీటర్లు ఉంటే చాలు, బిగువు లేకుండా వదులుగా వేలాడాలి. బటన్ నొక్కితే బారుగా సాగే తాళ్లు పార్కుకు పనికిరావు. కుక్క అవతలి మలుపు తిరిగాక గానీ మీకు ఆపే వీలుండదు, సన్నటి ఆ తాడు ఎవరి కాళ్లకైనా చుట్టుకుంటే కోసుకుపోతుంది. తాడును మణికట్టుకు మెలితిప్పి చుట్టకండి. ఈ సంగతి మరీ ముఖ్యంగా ఎవరికంటే, ఇంట్లో కుక్కను తిప్పే బాధ్యత పడే అమ్మానాన్నలకు. అమెరికాలో 65 ఏళ్లు దాటినవాళ్లకు కుక్కను నడిపిస్తూ పడిపోయి ఎముకలు విరిగిన కేసులు 2004లో సుమారు 1,670 ఉంటే, 2017కు అవి సుమారు 4,400 అయ్యాయని 2019లో ఒక వైద్య పత్రిక ప్రచురించింది. బాధితుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు. పిల్లల దగ్గరికి డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లి, పగలు వాళ్లు ఆఫీసుకు పోయాక కుక్కను తిప్పే తెలుగు తల్లిదండ్రులు ఎంతమంది! వాళ్ల చేతికి నలభై కిలోల కుక్కను ఇచ్చేముందు అది లాగకుండా నడుస్తుందో లేదో చూసుకోవాల్సింది పిల్లలే. చదునైన బాట అవసరం కుక్కకెంతో వాళ్లకూ అంతే.

4. మొదటి పది నిమిషాలు ముక్కుకు వదిలేయండి. పార్కు గేటు దాటగానే ఆగండి. తాడు వదులు చేసి, అది ఎటు వెళ్తే అటు రెండడుగులు వేయండి. ఒక పొద దగ్గర రెండు నిమిషాలు నిలబడిపోతుంది, నిలబడనివ్వండి. ముక్కు నేలకు ఆనించి, రంధ్రాలు అదురుతూ, చిన్న చిన్న ఊపిరులు వరసగా తీస్తుంటుంది. కాసేపటికి ఒక పెద్ద ఊపిరి వదిలి, ఒళ్లు దులుపుకుని, తనంతట తనే కదులుతుంది. ఆ చోటుతో పని అయిపోయిందనడానికి అదే గుర్తు. మనవాళ్లు చేసే మామూలు తప్పు ఇక్కడే జరుగుతుంది. ఒక చేత్తో ఫోను చూసుకుంటూ, "పద పద" అంటూ రెండో చేత్తో లాగుతుంటారు. అలా లాగినప్పుడల్లా కుక్క నేర్చుకునేది ఒక్కటే, వాసన కావాలంటే ఎదురు లాగాలి అని. లాగే కుక్కల్లో చాలా వాటికి ఆ అలవాటు మన చేతి నుంచే వచ్చింది. మీకూ వ్యాయామం కావాలా? కుక్కను ఇంట్లో దింపి మళ్లీ వెళ్లండి. ఒక్క నడకతో ఇద్దరి పనీ కానిద్దామనుకుంటే ఇద్దరిదీ చెడుతుంది.

5. ఎప్పుడు ఆపాలో తెలుసుకోండి. మామూలు రొప్పుకూ ప్రమాదపు రొప్పుకూ తేడా కనిపెట్టడం పెద్ద కష్టం కాదు. నాలుక చివర వెడల్పై గరిటెలా పరుచుకోవడం, చిక్కటి చొంగ కారడం, చిగుళ్లు ముదురు ఎరుపెక్కడం, నీడ కనిపించగానే అక్కడికే లాగడం, కాళ్లు తడబడటం, ఇవి కనిపిస్తే నడక అయిపోయినట్టే. ఇంటిదాకా నడిపించకండి. చిన్న కుక్కయితే ఎత్తుకోండి, పెద్దదైతే చెట్టు కింద పడుకోబెట్టి ఆటో పిలవండి. పడిపోయినా, వాంతి చేసుకున్నా, పిలిస్తే పలకకపోయినా అది వడదెబ్బ. అప్పుడు చాలామంది గాభరాలో మొదట ఆసుపత్రికి పరుగెడతారు. పశువైద్యులు ఇప్పుడు చెబుతున్న క్రమం వేరు: ముందు చల్లార్చడం, తర్వాత తరలించడం. పార్కు కొళాయి కింద ఒళ్లంతా తడపండి, విసరండి, నీళ్లు పోస్తూనే ఉండండి, ఆ తర్వాత వాహనం ఎక్కించండి. తడిగుడ్డ కప్పి ఉంచకండి, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. స్పృహ లేని కుక్క నోట్లో నీళ్లు పోయకండి.

6. ఎదురొచ్చే మనిషికి దారి ఇవ్వండి. "ఏం చెయ్యదండీ, మా వాడు చాలా మంచోడు" అనే మాటను ఈరోజు నుంచి మానేయండి. మీ కుక్క మంచిదే కావచ్చు, ఎదుటామెకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? చిన్నప్పుడు కుక్క కరిచి బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు వేయించుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. రేబిస్ సోకి లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యమని తెలిసినవాళ్లు భయపడటంలో తప్పు లేదు. కాబట్టి పదడుగుల ముందే బాట దిగి, తాడు దగ్గరగా పట్టుకుని, కుక్కకూ మనిషికీ మధ్య మీరు నిలబడండి. వాళ్లు దాటిపోయాక కదలండి. పిల్లలు ముట్టుకుంటామని వస్తే పెద్దవాళ్లను అడిగి, కుక్కనూ చూసి, అప్పుడే ఊఁ అనండి. చట్టం కూడా ఊరుకోదు. పెంపుడు జంతువు వల్ల మనిషి ప్రాణానికి గానీ, పెద్ద గాయానికి గానీ అవకాశం ఉండి కూడా నిర్లక్ష్యం చేస్తే, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

7. వీధి కుక్కలతో తగాదా పెట్టుకోకండి. నడక మానేసినవాళ్లను ఎందుకని అడిగితే ఎక్కువగా వినిపించే కారణం ఇదే. పార్కు బయట మెస్సు దగ్గరో, చెత్తకుండీ దగ్గరో ఒక గుంపు ఉంటుంది, అది వాటి జాగా. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్ చేసిన కుక్కల్ని మామూలుగా పట్టిన చోటే తిరిగి వదలాలి, చెవి కత్తిరించి ఉండటం ఆపరేషన్ అయిందనడానికి గుర్తు. అంటే మీకు రోజూ ఎదురయ్యేవి చాలావరకు అవే కుక్కలు. వాటి వేళలు గమనించండి, అవతలి గేటు వాడండి. ఎదురుపడితే పరుగెత్తకండి, రాయి ఎత్తకండి, కళ్లలోకి చూడకండి. మీ కుక్కను వెనక్కు తెచ్చుకుని, ఒంటిని పక్కకు తిప్పి, నెమ్మదిగా వెనుదిరగండి. చిన్న కుక్కను ఎత్తుకోవాలనిపిస్తుంది, కానీ గుంపు దగ్గరికి వచ్చేశాక ఎత్తితే అవి మీ మీదికి ఎగబడవచ్చు. రేబిస్ టీకా తేదీ దాటనివ్వకండి.

8. జేబులో నీళ్ల సీసా, నాలుగు సంచులు. నీడలో ఒక చిక్కు ఉంది, చెప్పకపోతే పొరపాటవుతుంది. ఎండ పడని తడి గడ్డిలోనే గోమార్లు ఎక్కువ. కొన్నిచోట్ల వీటినే పిడుదులంటారు. వాటివల్ల వచ్చే ఎర్లిఖియా జ్వరం కుక్క రక్తంలో ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. అందుకని బాట మధ్యలో నడిపించండి, ఎత్తు గడ్డిలోకి పోనివ్వకండి. ఇంటికి రాగానే చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక కింద వేలితో తడిమి చూడండి. కందిగింజంత గట్టిగా తగిలితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నిటారుగా లాగండి. గోమార్ల మందు పశువైద్యుణ్ణి అడిగి క్రమం తప్పకుండా వేయించండి. వర్షాకాలంలో గుంటల్లో నిలిచిన నీళ్లు తాగనివ్వొద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది మనుషులకూ సోకుతుంది. ఇక మలం. అది ఎరువు కాదు. అందులోని కొంకిపురుగులు, గుండ్రటి పురుగుల గుడ్లు మట్టిలో నిలిచి, చెప్పుల్లేకుండా ఆడుకునే పిల్లలకు చేరతాయి. సంచి చేతికి తొడిగి, ఎత్తి, తిరగేసి ముడివేసి కుండీలో వేయండి. పార్కులో కుక్కల మీద నిషేధం పెట్టాలని జరిగే ప్రతి అసోసియేషన్ మీటింగులోనూ మొదటి ఫిర్యాదు ఇదే.

ఒక మాట మిగిలింది. చాలా ఇళ్లలో కుక్కను తిప్పేది యజమాని కాదు, వాచ్‌మనో పనబ్బాయో. ఇంత జాగ్రత్తా అతనికి చెప్పకుండా, జీతం ఇస్తున్నాం కదా అని తాడు చేతికిచ్చేస్తే ఈ అధ్యాయం చదివీ లాభం లేదు. ఒక రోజు అతనితో కలిసి వెళ్లండి. ఎక్కడ ఆగాలో, ఏ గుర్తులు కనిపిస్తే వెనక్కి రావాలో చూపించండి. "దూరం తిప్పక్కర్లేదు బాబూ, చెట్ల కింద నెమ్మదిగా తిప్పి తీసుకురా" అని నోరారా చెప్పండి. చెప్పకపోతే అతను కష్టపడి పనిచేశానని చూపించడానికి దూరమే తిప్పుతాడు. అతనికీ ఓ సీసా నీళ్లివ్వండి.

మీ పరిసరాల్లో ఇలాంటి బాటే లేదంటారా? అయితే వచ్చే అసోసియేషన్ మీటింగులో ఒక్క తీర్మానం అడగండి. తొలకరి పడగానే, జూన్‌లోనో జులైలోనో, పార్కు చుట్టూ రాయల్ పామ్‌లకు బదులు కానుగ, వేప మొక్కలు నాటమనండి. కానుగ త్వరగా ఎదుగుతుంది, నీళ్లు పెద్దగా అడగదు. ఆ పని మీరే మొదలుపెట్టండి.